మూల చూసి డబ్బులివ్వండి

ఈ కాలపు వడ్రంగం చూస్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ముందు నాలుగు చెక్కలూ బిగించేస్తారు. జిగురు ఆరుతుంది, మేకులు దిగుతాయి, సాయంత్రం టీ కూడా అయిపోతుంది. అప్పుడు తీరిగ్గా ఆ పెట్టెను బోర్లా పడేసి, వెనక అంచుకు గాడి తీయాలన్న సంగతి గుర్తు తెచ్చుకుంటారు. తాళి కట్టాక జాతకాలు చూసినట్టుంటుంది వరస. మా రోజుల్లో గాడి పడని చెక్కకు పెట్టె దగ్గరికి వచ్చే అర్హతే లేదు.

“మిషన్ ఉందిగా బాబాయ్, ముందు తీస్తే ఏంటి, తర్వాత తీస్తే ఏంటి?” అంటాడు మా బజారులో షాపు పెట్టిన కుర్రాడు. వాడికి నోటితో చెబితే ఎక్కదు. చెవుల్లో ఎప్పుడూ ఆ మిషన్ మోతే. అందుకే కాగితం మీద పెడుతున్నా. వాడు చదవకపోయినా మీరు చదువుతారుగా.

తెలియనివాళ్ళ కోసం గాడి సంగతి రెండు ముక్కల్లో చెబుతా. బీరువాకో, పుస్తకాల అలమరకో, వంటింటి గూటికో వెనక ఒక పలక ఉంటుంది. దాన్ని ఊరికే వెనక ఆనించి మేకులు కొడితే, పక్కనుంచి చూసినవాడికి పలక అంచు పొరలతో సహా కనబడుతుంది. గోడ చెమ్మ నేరుగా ఆ అంచులోకి ఎక్కుతుంది. మేకు సడలిందా, పలక ఊడి గోడకు జారుతుంది. అలా కాకుండా నాలుగు చెక్కలకూ వెనకవైపు, లోపలి అంచును పలక మందమంత లోతున మెట్టుగా తీసి, పలకను ఆ మెట్టులో కూచోబెడితే అంచు దాక్కుంటుంది, పెట్టె బిగుస్తుంది, ఎటు నెట్టినా మూలలు కదలవు. ఆ మెట్టునే మేం రిబేటు అంటాం, అంచు గాడి అంటాం. మీ ఇంటి ద్వారబంధంలో తలుపు కూచునేది రిబేటులోనే. కిటికీ రెక్కలో అద్దం కూచునేది, దేవుడి పటం చట్రంలో అద్దం కూచునేది కూడా రిబేటులోనే. బాగా కుదిరితే ఎవరికీ కనబడని పని అది. కుదరకపోతే ఇల్లున్నన్నాళ్ళూ కనబడుతుంది.

మాది కొల్లూరు. కోహినూరు కొల్లూరు కాదు. అది పల్నాడు వైపు, ఇప్పుడు పులిచింతల నీళ్ళ కింద ఉంది. మాది కృష్ణ కరకట్ట పక్కన, తెనాలికీ రేపల్లెకూ మధ్యన ఉన్న కొల్లూరు. మా దగ్గర వజ్రాలు లేవు. అరటి, పసుపు, కంద ఉన్నాయి. పెసర్లంక, పోతార్లంక లాంటి లంక ఊళ్ళున్నాయి. మొన్నమొన్నటిదాకా గుంటూరు జిల్లా అని రాసుకునేవాళ్ళం. 2022 ఏప్రిల్ 4 నుంచి బాపట్ల జిల్లా అని రాసుకుంటున్నాం. జిల్లా మారినా వరద మాత్రం పాత దారినే వస్తుంది. ఆ వరద సంగతి తర్వాత చెబుతా, అది మన గాడి కథలోకి ఎలాగూ వస్తుంది.

మా నాన్న తరానికి వడ్రంగమంటే బీరువాలు కాదు. నాగలి, కాడి, గొర్రు, బండి, చక్రం. ఏడాది పొడుగునా రైతుకు నాగళ్ళు చెక్కిపెడితే కళ్ళంలో ధాన్యం కొలిచేవారు. నాగలికి తుమ్మ, ద్వారబంధానికి వేప, చేతిలో నాలుగు డబ్బులున్న ఇంటికి టేకు. ఏ చెక్క ఏ పనికి లొంగుతుందో చెట్టు మీద ఉండగానే చెప్పేవాడు మా నాన్న. ట్రాక్టర్లొచ్చి నాగళ్ళు అటకెక్కాక మేం తలుపుల్లోకి, మంచాల్లోకి, బీరువాల్లోకి దిగాం. 1977 నవంబరు 19 ఉప్పెన నాటికి నేను చిత్రిక పట్టడం వచ్చిన కుర్రాణ్ణి. రేపల్లె వైపు కూలిన ఇళ్ళకు తలుపులు, కిటికీలు చేసీ చేసీ చేతులు కాయలు కాచిన రోజులవి.

కుర్రాడు పనిలోకి వస్తే మొదటిరోజే పనిముట్టు చేతికిచ్చేవాళ్ళు కాదు. పొట్టు ఎత్తమనేవాళ్ళు. తర్వాత సరేసు జిగురు కాచమనేవాళ్ళు. పెద్ద గిన్నెలో నీళ్ళు, అందులో చిన్న గిన్నె, చిన్న గిన్నెలో సరేసు బిళ్ళలు. నేరుగా మంట తగిలితే మాడిపోతుంది, మాడితే పట్టు పోతుంది, ఆ కంపుకు వీధంతా తెలుస్తుంది, కుర్రాడి వీపు పగులుతుంది. ఫెవికాల్ 1959లోనే పుట్టిందట. మా పాకలోకి రావడానికి దానికి చాలా ఏళ్ళు పట్టింది. సరేసు తర్వాత సానరాయి. ఉలికి పదును పెట్టడం ఒక్కటే నెలల తరబడి. అరచేతి వెనక వెంట్రుక తెగితేనే పదును, లేకపోతే మళ్ళీ రాయి మీదికి. ఇవన్నీ అయ్యాకే చిత్రిక.

గాడికి వేరే చిత్రిక ఉంటుంది. మామూలు చిత్రికలో ఇనుప బ్లేడు మధ్యలో ఉంటుంది, దాని రెండు పక్కలా కొయ్య ఉంటుంది. గాడి చిత్రిక సన్నగా ఉంటుంది, బ్లేడు ఇటంచు నుంచి అటంచు దాకా పూర్తిగా ఉంటుంది. అందుకే మెట్టు మూలలోకి కూడా అందుతుంది. పొట్టు పైనుంచి కాకుండా పక్కనుంచి చుట్టలు చుట్టుకుంటూ వస్తుంది. పని ఇలా సాగేది. ముందు గేజితో రెండు గీతలు, వెడల్పుకొకటి, లోతుకొకటి. ఆ గీతల మీద ఉలి మొనతో గీరి చెక్క పీచు తెంచాలి. ఇది మానేస్తే అంచు చిట్లిపోతుంది. వెడల్పు గీత దగ్గర ఒక బద్ద బిగించి, దానికి చిత్రిక ఆనించి తోయాలి. అదీ చెక్క వాలు చూసుకుని. వాలుకు తోస్తే చుట్ట వస్తుంది, ఎదురు తోస్తే పెచ్చు లేస్తుంది. మూడు నూళ్ళ వెడల్పు, రెండు నూళ్ళ లోతు గాడి. అంగుళంలో ఎనిమిదో వంతు నూలు. ఇప్పటి లెక్కలో చెప్పాలంటే తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల వెడల్పు, ఆరు పైచిలుకు లోతు.

లెక్క అంటే గుర్తొచ్చింది. ఇప్పటి వాళ్ళ కొలతలు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీదు. ప్లైవుడ్డు పొడుగూ వెడల్పూ అడుగుల్లో, ఎనిమిదికి నాలుగు. మందం మాత్రం మిల్లీమీటర్లలో, ఆరు, పన్నెండు, పద్దెనిమిది. టేకు కొనబోతే ఘనపుటడుగుల్లో. మిషన్‌లో బిగించి కోసే బిట్టు కాడను ఒకడు పావంగుళం అంటాడు, ఇంకొకడు ఆరు మిల్లీమీటర్లు అంటాడు. రెండూ ఒకటే అనుకుని బిగిస్తే పావంగుళం పట్టులో ఆరు మిల్లీమీటర్ల కాడ నిలవదు, తిరుగుతూ తిరుగుతూ జారి బయటికొస్తుంది. మా రోజుల్లో అడుగు బద్ద ఒకటే, నూలు ఒకటే, తిట్టే నోరూ ఒకటే.

అసలు తగువు మిషన్‌తో కాదు, ఇప్పటి చెక్కతో. ఇవాళ కుర్రాడు పని నేర్చుకునేది ఎండీఎఫ్ మీద. జామాయిలు, సుబాబుల్ కర్రను పీచు పీచుగా ఆడించి, జిగురు కలిపి, వేడి మీద నొక్కి పలక చేస్తారు. శ్రీకాళహస్తి దగ్గర దానికి పెద్ద కర్మాగారమే ఉంది. చవగ్గా వస్తుంది, నున్నగా ఉంటుంది, కాదనను. కానీ దానికి వాలు లేదు. ఎటునుంచి కోసినా ఒకటే. మొదటి మూడేళ్ళు వాలు లేని పలక మీద చేయి తిరిగినవాడికి చెక్కకు వాలుంటుందన్న సంగతే చేతికి తెలియదు. అలాంటివాడి ముందు ఒకరోజు పాత టేకు బీరువా పెట్టి మిషన్ చేతికిస్తే ఏమవుతుంది? గాడి చివర అరచేయంత పెచ్చు లేచి ఎగిరి పడుతుంది. వాడు మిషన్ను తిడతాడు, బిట్టును తిడతాడు, చివరికి చెక్కను తిడతాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నారు పెద్దలు. ఇప్పుడు ఆ మద్దెలకు కరెంటు కూడా తోడైంది.

వాళ్ళు మిషన్ అనే ఆ రౌటర్ గొప్పదే. కాదంటే కళ్ళు పోతాయి. నిమిషానికి ఇరవై, ముప్ఫై వేల చుట్లు తిరిగే మోటారు, దాని కింద గట్టి లోహం అతికిన బిట్టు, బిట్టు కింద చిన్న బేరింగు. ఆ బేరింగు చెక్క లోపలి ముఖం మీద ఒరుసుకుంటూ పోతుంది, దానికి సమానంగా పైన బిట్టు గాడి కోస్తుంది. గేజి అక్కర్లేదు, బద్ద అక్కర్లేదు. నేను పొద్దంతా తీసే గాడి అది టీ చల్లారేలోపు తీస్తుంది. మరి ఏడుపెందుకు అంటారా? అది కోస్తుంది గానీ చూడదు. చూడాల్సినవాడు మనిషి. ఆ మనిషికి ఎవరూ ఏమీ నేర్పలేదు.

మొన్న మా మేనకోడలు తెనాలిలో కొత్త ఫ్లాటుకు గూళ్ళు చేయించుకుంది. ఎవరి చేతనో, ఏ షాపో నాకెందుకు. “మావయ్యా, ఒకసారి చూసి చెప్పు” అంటే వెళ్ళా. ముందువైపు మెరుపు చూస్తే మొహం చూసుకోవచ్చు. మైకా అంత నిగనిగ. పక్కనుంచి చేయి పెట్టి వెనక పలక తట్టా, డబడబలాడింది. గోడ నుంచి ముందుకు లాగించి చూస్తే గాడి సగం చోట్ల రెండు నూళ్ళుంది, సగం చోట్ల నూలున్నర. మధ్యలో పాము పాకినట్టు వంకర. నాలుగు మూలల్లోనూ గాడి గుండ్రంగా వదిలేసి, పలక మూలలు అడ్డంగా నరికేసి, మిగిలిన సందులో లప్పం కూరారు. పైన పటారం, లోన లొటారం. “బాగానే ఉంది కదా మావయ్యా?” అంది పిల్ల. “ముందునుంచి బాగానే ఉందమ్మా” అన్నా. గృహప్రవేశం నాడు అంతకంటే ఏమంటాం?

ఆ వంకర ఎందుకొచ్చిందో నాకు చూడగానే తెలిసింది. బేరింగు దేని మీద ఒరుసుకుంటే దాన్నే పైకి అచ్చు దింపుతుంది. పెట్టె బిగించినప్పుడు మూలల్లోంచి పొంగిన ఫెవికాల్ను తడిగుడ్డతో తుడవలేదు. అది ఆరి గడ్డ కట్టింది. బేరింగు గడ్డ ఎక్కింది, గాడి లోపలికి తగ్గింది. గడ్డ దిగింది, గాడి మళ్ళీ వెడల్పైంది. ప్లైవుడ్డు ముఖం మీద గుంట ఉన్నచోట బేరింగు అందులో పడింది, గాడి ఇంకా లోపలికి తిన్నది. మోటారు పాపమేమీ లేదు, తడిగుడ్డ పట్టుకోవడానికి బద్ధకించిన చేతిదే పాపం.

లోతు తేడాకు కారణం ఇంకోటి. పద్దెనిమిది మిల్లీమీటర్ల చెక్క అంచు మీద మిషన్ నిలబడాలి. అందులో తొమ్మిదిన్నర గాడికి పోతే మిషన్ అడుగు ఆనుకోవడానికి మిగిలేది మూడు నూళ్ళు కూడా కాదు. నాలుగు కిలోల మోటారు ఆ సన్నంచు మీద ఊగక ఏం చేస్తుంది? ఒకసారి లోపలికి ఒరిగితే గాడి లోతుకు దిగిపోతుంది. దీనికి మందు పెద్ద చదువేమీ కాదు. రెండంగుళాల రీపరు ముక్కను పెట్టె బయటివైపు, వెనకంచుకు సరిగ్గా సమంగా వచ్చేట్టు క్లాంపులతో బిగిస్తే మిషన్ అడుగుకు విశాలంగా పీట దొరుకుతుంది. గాడి చిత్రికకు మేం బద్ద బిగించినట్టే. పేరు మారింది, పని మారలేదు. ఆ రీపరు బిగించడానికి పట్టే కాసేపు మిగుల్చుకోవడానికే పని అంతా పాడుచేస్తున్నారు.

ఇంత సణిగాక న్యాయం కూడా చెప్పాలి. బిగించిన పెట్టెకు గాడి తీయడం తప్పనిసరయ్యే పని ఒకటుంది. అది మా ఊరికి ఏటి మీదుగానే వచ్చింది.

2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి పదకొండు లక్షల క్యూసెక్కులు దాటి నీళ్ళు వదిలారు. 2009 అక్టోబరు తర్వాత మా లంకలు అంత వరద చూడలేదు. అరటి తోటలు, పసుపు, కంద నీళ్ళలో కుళ్ళాయి. ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. నీళ్ళు తీశాక చూస్తే, వెనక పలకలు అట్టలుగా ఉబ్బి, పొరలు విడిపోయి వేలాడుతున్నాయి. కొత్తగా కొన్న చెక్కపొడి గూళ్ళు అడుగు నుంచి రొట్టెముక్కల్లా రాలాయి, వాటిని పారేశారు. తాతలనాటి టేకు బీరువాలు మాత్రం బురద కడిగితే నిలబడ్డాయి. పాడైందల్లా ఎప్పుడో మధ్యలో ఎవరో చవగ్గా కొట్టిన వెనక అట్ట.

అలాంటి బీరువా ఒకటి మా బజారు కుర్రాడి షాపుకొచ్చింది. కొసలు బెజ్జాల్లోకి దిగి, కొయ్య మేకులు పడి, సరేసు పట్టిన పని. విప్పితే విరుగుతుంది. వెనక గాడి లేదు, అట్టను ఊరికే అంచు మీద మేకులతో కొట్టారు. కొత్త పలక దాక్కోవాలంటే నిలబడి ఉన్న బీరువాకే గాడి తీయాలి. చేతి చిత్రిక మూలదాకా పోదు, అడ్డంగా ఉన్న చెక్క తగులుతుంది. ఉలితో చుట్టూ తీయాలంటే వారం. ఇక్కడ రౌటర్ తప్ప గతిలేదు. నేనే ఒప్పుకున్నా. ఒప్పుకుని, అరుగు మీద కుర్చీ వేయించుకుని, మొదటినుంచి చివరిదాకా సణుగుతూ పని చేయించా.

ముందు ఆరబెట్టడం. వరదలో తడిసిన టేకును ఎండలో పెడితే బీటలు వారుతుంది. నీడన, గాలి తగిలేట్టు, అడుగున బద్దలు పెట్టి వారాల తరబడి ఉంచాలి. కుర్రాడికి తొందర, ఇంటివాళ్ళకు అంతకంటే తొందర. “చెక్కకు లేదురా తొందర” అని ఆపా.

తర్వాత మేకులు. పాత అట్ట పీకినా విరిగిన మేకుల మొనలు చెక్కలో మిగిలిపోతాయి. ముప్పై వేల చుట్లు తిరిగే బిట్టు మేకును తాకితే బిట్టు పన్ను విరిగి ఎటు ఎగురుతుందో దేవుడికే తెలియాలి. చేతి ఉలికి మేకు తగిలితే మొన పోతుంది, కన్ను పోదు. అందుకే అంచంతా అయస్కాంతం తిప్పించా. అది అతుక్కున్న ప్రతిచోటా తవ్వి పీకించా. ఆ తర్వాతే కళ్ళజోడు, మూతికి గుడ్డ కట్టించా.

తర్వాత మూల నుంచి మూలకు తాడు పట్టి చూడటం. ఈ మూల నుంచి ఆ మూలకు ఎంతుందో, రెండో జత మూలలకూ అంతే ఉండాలి. లేకపోతే బీరువా ఒరిగిందన్నమాట. ఒరిగినదానికి ఎంత అందమైన గాడి తీసినా మట్టంగా కోసిన పలక అందులో కూచోదు. వరదకు ఆ బీరువా కాస్త ఒరిగింది. అడ్డంగా పట్టా వేసి లాగించి సరిచేశాకే పనిలోకి దిగనిచ్చా. లోపలి అరలు వెనకంచు దాకా వచ్చి ఉంటే బేరింగుకు దారి అడ్డం. అవి గాడికీ, బేరింగుకూ తగలకుండా ముందే ఆగేట్టు కోయించా.

అప్పుడు నా పాత పని. గేజితో గీత, గీత మీద పదునైన ఉలి మొన. “మిషన్‌కు గీతెందుకు తాతా?” అని నవ్వాడు షాపులో చేరిన చిన్నకుర్రాడు. గీత మిషన్ కోసం కాదు, చెక్క కోసం. పీచు ముందే తెగి ఉంటే, బిట్టు ఎంత లాగినా పెచ్చు ఆ గీత దాటి పోదు.

రీపరు బిగించాం. బిట్టు లోతు ఒకేసారి దించకుండా నూలు లోతున మొదటి చుట్టు, మళ్ళీ దించి రెండో చుట్టు. ఒకేసారి రెండు నూళ్ళూ తినమంటే మిషన్ మూలుగుతుంది, చెక్క కాలి నల్లగీత పడుతుంది. ఇక నడిపే వైపు. పైనుంచి చూస్తే బిట్టు గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతుంది. పెట్టె లోపలంచు మీద మిషన్ను ప్రదక్షిణంగా నడపాలి. బయటంచు మీదైతే అప్రదక్షిణంగా. అప్పుడు బిట్టు చెక్కకు ఎదురెక్కి కోస్తుంది, మిషన్ మన చేతిలో ఉంటుంది. తిరగేసి నడిపితే బిట్టు చెక్కను కరుచుకుని తనే ముందుకు దూకుతుంది, మనిషిని లాక్కుపోతుంది. ఏళ్ళ తరబడి గుడి చుట్టూ తిరిగేవాళ్ళకు కూడా ఈ ముక్క ఎవరూ చెప్పరు.

చివరికి మూల. ఇక్కడికొచ్చేసరికి మిషన్ చేతులెత్తేసింది. ఎత్తేయక తప్పదు, గుండ్రంగా తిరిగేది గుండ్రంగానే కోస్తుంది. నాలుగు మూలల్లోనూ అరచందమామలు మిగిలాయి. కుర్రాడు పలక మూలలు నరకబోయాడు. చేయి పట్టుకున్నా. గాడి గీతలు రెండూ మూలమట్టం పెట్టి మూలదాకా పొడిగించి కలిపించా. ముందు చెక్క వాలుకు అడ్డంగా ఉలి నిలబెట్టి కొయ్య సుత్తితో ఒక దెబ్బ. పీచు తెగింది. తర్వాత వాలు వెంట ఉలి పడుకోబెట్టి తోస్తే ముక్క ఒలిచినట్టు ఊడొచ్చింది. మళ్ళీ అడ్డం, మళ్ళీ వాలు. అడుగుకు చేరేసరికి మూల మట్టానికి మట్టంగా నిలిచింది. మిగతా మూడూ కుర్రాడే తీశాడు. మొదటిది కాస్త వంకర, చివరిది చూస్తే నాకే ముచ్చటేసింది. వాడికి చెప్పలేదనుకోండి. చెబితే రేపటినుంచి నా మాట వినడు.

ఆ మూడు మూలలు తీయడం వాడికి ఏ పథకంలోనూ నేర్పలేదు. పథకాలు లేకపోలేదు. తొంభైల్లో ఆదరణ అని పనిముట్లిచ్చారు, 2018లో మళ్ళీ ఆదరణ-2 అన్నారు. 2023 సెప్టెంబరు 17న, విశ్వకర్మ జయంతి నాడు, కేంద్రం పీఎం విశ్వకర్మ మొదలుపెట్టింది. 18 చేతివృత్తుల్లో వడ్రంగం ఒకటి, పడవలు చేసేవాళ్ళూ ఉన్నారు. పనిముట్లకు రూ.15,000, శిక్షణ రోజులకు రూ.500 భత్యం, తక్కువ వడ్డీకి అప్పు. మంచిదే. కానీ మొదటి శిక్షణ ఐదారు రోజులు. ఐదారు రోజుల్లో మా రోజుల్లో సరేసు కాచడం కూడా వచ్చేది కాదు. ఇచ్చే డబ్బులో రౌటర్ వస్తుంది. దాన్ని ఎటు నడపాలో చెప్పే మనిషి మాత్రం రాడు. ఊళ్ళలో ఇంకా మాలాంటి ముసలాళ్ళు సగం చూపుతో, పూర్తి నోటితో బతికే ఉన్నాం. అరుగు మీద ఓ కుర్చీ, రెండు పూటలా టీ ఇప్పిస్తే నేర్పిపోతాం. అది ఏ పథకంలోనూ రాయలేదు.

ఇంకొక మాట, కుర్రాళ్ళ మంచి కోరి. మా చిత్రిక పొట్టు చుట్టలుగా పడేది, ఇంటికి తీసుకెళ్ళి పొయ్యి కింద పెట్టుకునేవాళ్ళం. మీ మిషన్ ధూళి పొడిగా ముక్కులోకి పోతుంది. చెక్కధూళి క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధన సంస్థ 1995లోనే తేల్చి చెప్పింది. ఎండీఎఫ్‌లో దానికి తోడు జిగురు కూడా. మా నడుములు వంగాయి, మీ ఊపిరితిత్తులు నిండుతున్నాయి. మూతికి కండువా చాలదు, మాస్కు కొనుక్కోండి. అది బిట్టు కంటే చవక.

కొనేవాళ్ళకు చివరిగా ఒక్క మాట. బీరువా కొనేటప్పుడు ముందు నిగనిగలు చూసి మురిసిపోకండి. గోడ నుంచి లాగించి వెనక్కి తిప్పండి. పలక తట్టి చూడండి. గాడి మూలలో వేలు పెట్టి చూడండి. మూల గుండ్రంగా ఉండి లప్పం తగిలితే బేరం గట్టిగా ఆడండి. మూల మట్టంగా, పదునుగా వేలికి తగిలితే మాత్రం చెప్పిన రేటులో రూపాయి తగ్గించమని అడక్కండి. ఆ గాడి ఏ మిషన్ తీసినా, ఆ మూల తీసింది మాత్రం పని తెలిసిన మనిషి.